భ్రమపెట్టుట: ఒక మాటను గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: గలతీయులకు 3:1–5, మత్తయి 20:1–16, అపొస్తలుల కార్యములు 8:9–24



ఈ పాఠమునకు మేము ఒకే ఒక్క మాటను తీసుకొన్నాము. పౌలు భక్తుడు గలతీ సంఘములకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయము మొదటి వచనములోనే అది కనబడుతుంది. మన తెలుగు బైబిలులో దానిని ‘భ్రమపెట్టుట’ అన్నారు. ఈ మాటను ఎన్నుకొనుటకు కారణమున్నది. అది ముందు చెప్పి, తరువాత పాఠములోనికి వస్తాము.

కొన్ని నెలల క్రిందట ఆదివారపు ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోతున్న సమయములో ఒక తల్లి కాపరిగారి కొరకు ఆగిపోయింది. మేమును అక్కడే ఉన్నాము. వారు అనంతపురము వైపు నుండి వచ్చి ఇరవై ఏండ్లకు పైగా బెంగళూరులో స్థిరపడిన కుటుంబము. కుమారుడు కంపెనీలో ఉద్యోగము చేస్తాడు, పెండ్లయి రెండేండ్లయినది. ఆమె కన్నీళ్ళు తుడుచుకొంటూ, “అయ్యగారూ, మా వాడు మా వాడిలాగా లేడండీ. ఆరు నెలలాయె, నాతో సరిగ్గా మాట్లాడడు, అన్నం దగ్గర కూర్చోడు, జీతం సంగతి అడిగితే అరుస్తాడు. ఆ పిల్ల మందు పెట్టింది. ప్రార్థన చేసి విరిచేయండి. లేకపోతే దాన్ని పుట్టింటికి పంపేస్తాను” అన్నది.

అయ్యగారు మెల్లగా అడుగగా మరొక సంగతి బయటపడింది. సిటీ బస్సులో అంటించిన ఒక కాగితము చూసి, పొరుగింటామెను తోడు తీసుకొని, ఆమె అప్పటికే ఒక ‘వశీకరణ గురువు’ దగ్గరకు వెళ్ళి వచ్చినది. అతడు నిమ్మకాయ కోసి చూసి, “ఇంట్లోని ఆడదాని చేయి ఉంది” అన్నాడట. విరుగుడుకు ముప్పై వేలు అడిగాడట. ఆమె చెవి కమ్మలు కుదువపెట్టి ఐదు వేలు ఇచ్చి వచ్చినది.

ఆ వారమే మా బుధవారపు పఠనములో గలతీ పత్రిక మూడవ అధ్యాయము వచ్చినది. కన్నడ మాధ్యమములో చదువుకొన్న ఒక అమ్మాయి కన్నడ బైబిలు తెరచి ఇట్లు అడిగింది: “అంకుల్, మీ దాంట్లో భ్రమపెట్టుట అని ఉంది, మా దాంట్లో మరుళు అని ఉంది, ఇంగ్లీషులో బివిచ్ అని ఉంది. మూడూ ఒకటేనా? అంటే పౌలుగారు కూడా మందు పెట్టడం నిజమే అంటున్నారా?” మంచి ప్రశ్న. మాలో ఎవరము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తరువాత కూర్చుండి వెదకి తెలిసికొన్నది మీ ముందు పెట్టుచున్నాము.

1. మన నోటనున్న మాటలు

మొదట ‘భ్రమ’. ఇది సంస్కృతమునుండి వచ్చిన మాట. దాని మూలములో ఉన్న అర్థము తిరుగుట. భూమి తిరుగుటను భూభ్రమణము అంటాము. పువ్వు చుట్టు తిరిగే తుమ్మెద భ్రమరము. పిల్లలు గిరగిర తిరిగి ఒక్కసారి ఆగితే వారికి గోడలు, చెట్లు తిరుగుచున్నట్లు కనబడతాయి. నిజముగా గోడ తిరుగుట లేదు, తిరుగుచున్నది వారి తల. అదే భ్రమ. ‘భ్రాంతి’, ‘విభ్రాంతి’ అనునవి కూడా ఆ మూలమునుండి పుట్టినవే.

రెండవది ‘మోహము’. మోహనము, సమ్మోహనము, మోహిని అన్నీ దీని కుటుంబమే. మూలార్థము తెలివి తప్పుట, దిక్కు తోచకుండుట. ఆశ్చర్యమేమంటే ‘ముగ్ధ’, ‘మూఢ’ అను రెండు మాటలును ఈ ఒక్క ధాతువునుండే పుట్టినవి. ఒకదానిని అందమును పొగడుటకు వాడతాము, మరొకదానిని తెలివితక్కువను తిట్టుటకు వాడతాము. మనము ‘మూఢనమ్మకము’ అనునప్పుడు అందులోను ఆ పాత మోహమే దాగియున్నది.

మూడవది ‘మరులు’. ఇది మన ద్రావిడ భాషల సొంత మాట. తెలుగులో మరులుకొనుట అంటే వలపులో మునిగిపోవుట. కన్నడములో మరుళు అంటే వెఱ్ఱి, బుద్ధి చెదరుట. జనమే మరుళో, జాతరే మరుళో అనే కన్నడ సామెత ఈ ఊరిలో ఉన్న మనమందరము విన్నదే. కన్నడ బైబిలులో గలతీ 3:1లో వాడినది ఈ మరుళే. (మరచుట అనే మాటతో దీనిని కలుపరాదు. దానిని పాత పుస్తకములలో బండి ‘ఱ’తో వ్రాసేవారు, అది వేరే మూలము.) కన్నడములోని ‘మోడి’ కూడా ఇటువంటిదే. ఒక పాటగాడు సభను మోడి చేశాడని కన్నడ పత్రికలు వ్రాస్తే అది మెప్పు. అయితే మోడి అసలు అర్థము మంత్రగాని గారడీయే.

నాలుగవది ‘వశీకరణము’. వశము చేసికొనుట, అనగా ఒకరి ఇష్టమును మరొకరి ఇష్టమునకు లోబరచుట. బస్సులలో, విద్యుత్ స్తంభముల మీద మనము చూచేది ఈ మాటే.

ఐదవది ‘మందు’. ఈ చిన్న మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. జబ్బుకు వేసేది మందు, పొలములో చల్లేది మందు, తుపాకిలో దట్టించేది మందు, సారాయి దుకాణములో అమ్మేది మందు, అన్నములో కలిపి మగని తిప్పుకొన్నారని అత్తలు చెప్పేది కూడా మందే.

చివరిది ‘దిష్టి’. ఇది ‘దృష్టి’ అను మాటకు వాడుక రూపము. దృష్టి అంటే చూపు. అంతే. దానిలో చెడుగు ఏదియు లేదు. కాని నరుని కంటికి నల్లరాయి కూడా పగులుతుందని పెద్దలు చెప్పగా చెప్పగా, చూపు అనే మాటే భయమైపోయినది. శివాజీనగరులోని ఉర్దూ మాట్లాడే మన పొరుగువారు ‘నజర్’ అంటారు. అరబ్బీనుండి వచ్చిన ఆ మాటకును అర్థము చూపే.

ఈ ఆరు మాటలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. భ్రమ, మోహము, మరులు అనునవి మనకు లోపల ఏమి జరిగినదో చెప్పే మాటలు. వశీకరణము, మందు, దిష్టి అనునవి బయటివారు మనకు ఏమి చేశారో చెప్పే మాటలు. మొదటి మాటలు మనలను మనము పరీక్షించుకొనుటకు పనికివస్తాయి. రెండవ మాటలు ఎదుటివారి మీద వేలు చూపుటకు పనికివస్తాయి. ఒక ఇల్లు కష్టములో ఉన్నప్పుడు ఏ వరుసలోని మాట నోటికి వస్తుందో, దానిని బట్టి ఆ ఇంటి దారి మారిపోతుంది.

2. పౌలు వాడిన మాట

పౌలు వ్రాసినది గ్రీకు భాషలో. అక్కడ ఆయన వాడిన క్రియ ‘బాస్కైనో’. క్రొత్త నిబంధన అంతటిలో ఇది ఈ ఒక్క చోటనే కనబడుతుంది. దాని అర్థము ముఖ్యముగా చెడ్డ కంటితో చూచుట, అసూయతో చూచి హాని చేయుట. అనగా మన దిష్టికి చాల దగ్గర. పాత నిబంధన గ్రీకు తర్జుమాలో ద్వితీయోపదేశకాండము 28:54, 56లో ఈ క్రియయే ఉన్నది. అక్కడ మంత్రమేమియు లేదు. ముట్టడి కరవులో తన సొంతవారికి కూడ ముద్ద పెట్టనొల్లని కంటిని గూర్చి చెప్పబడినది.

గలతీయ అనునది నేటి టర్కీ దేశపు నడిమి ప్రాంతము. ఇప్పటి రాజధాని అంకారా ఆనాడు ఆ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. ఆ దేశములో ఈనాటికిని నీలి కన్ను గుర్తుగల గాజు పూసను పిల్లల బట్టలకు, గుమ్మములకు కడతారు. అదే పూస ఇప్పుడు మన బెంగళూరు దుకాణములలోను, కార్ల అద్దముల దగ్గరను వ్రేలాడుచున్నది. మన నిమ్మకాయ, మిరపకాయ, కట్టుచున్న ఇంటి ముందు వ్రేలాడే రాక్షసి మొగపు గుమ్మడికాయ దానికి తోబుట్టువులే. కాబట్టి పౌలు ఆ మాట వ్రాయగానే గలతీయవారికి ఎవరును వివరించనవసరము లేకపోయినది. వారి వీధిలో రోజూ వినబడే మాట అది.

ఆ మాట ప్రయాణము కూడ వినదగినది. పురాతన లాటిను బైబిలులో ఈ చోట ‘ఫాస్కినారే’ అనే క్రియ వాడారు. దానికిని కంటితో మంత్రించుట అనే అర్థము. దానినుండి వచ్చినదే ఇంగ్లీషు ‘ఫాసినేట్’. ఒకనాడు శాపము, ఇప్పుడు పొగడ్త. ఇంగ్లీషు ‘చార్మ్’ లాటినులో పాట అనే అర్థమిచ్చే మాటనుండి వచ్చినది, ఎందుకంటే మంత్రమును పాడేవారు. సినిమావారు వాడే ‘గ్లామర్’ స్కాట్లాండులో కనికట్టు విద్యకు పేరు. అది ‘గ్రామర్’ అను మాటకే మారిన రూపము. చదువు రానివారికి చదువుకొన్నవాని వ్యాకరణము మంత్రమువలె తోచినది కాబోలు. ప్రతి భాషలోను భయపెట్టిన మాటలు కాలక్రమమున మెత్తబడి మెప్పు మాటలైనవి. కాని ఇంటిలో తగవు వచ్చినప్పుడు పాత పదును మరల పైకి వస్తుంది. అప్పుడే అవి కోస్తాయి.

మరి ‘మందు’ సంగతి? అదియు ఈ పత్రికలోనే ఉన్నది. 5:20లో శరీరకార్యముల జాబితాలో మన బైబిలు ‘అభిచారము’ అన్నచోట గ్రీకు మాట ‘ఫార్మకేయా’. మందుల అంగడికి ఇంగ్లీషులో చెప్పే ‘ఫార్మసీ’ ఆ కుటుంబపు మాటే. గ్రీకువారికిని మందు, విషము, మంత్రపు కషాయము అన్నిటికి ఒకటే మాట. మన ‘మందు’ వలెనే! ఇక్కడ ఒకటి గమనించండి. పౌలు ఆ పనిని చేయువారిని గద్దించాడు. దానికి గురియైనామని భయపడమని ఎవరికిని చెప్పలేదు. ఆ జాబితాలో దాని ప్రక్కనే ద్వేషము, కలహము, మత్సరము ఉన్నవి. మందు పెట్టారని కోడలిని ద్వేషించే అత్త, ఒక పాపమునకు భయపడి దాని ప్రక్కనున్న పాపములోనే కాలు పెట్టుచున్నది.

3. పౌలు ఎవరిని వెదకలేదు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాము. పౌలు దిష్టిని నమ్మి ఆ మాట అన్నాడా, లేక వాడుక మాటగా అన్నాడా? పండితులలో రెండు అభిప్రాయములవారును ఉన్నారు. కాని ఏ అభిప్రాయము తీసుకొన్నను, ఆయన తరువాత ఏమి చేశాడన్నది స్పష్టముగా మన కన్నుల ఎదుట ఉన్నది.

మిమ్మును ఇట్లు చేసినదెవరని ఆయన ఒక్కసారి అడిగాడు. కాని ఆ ‘ఎవరు’కు జవాబు వెదకుటకు వెళ్ళలేదు. పేరు చెప్పలేదు. ఫలాని ఇంటివారు, ఫలాని స్త్రీ అని గుర్తు చెప్పలేదు. విరుగుడు చెప్పలేదు, తాయెత్తు పంపలేదు. అయిదవ వచనము వరకు చదవండి. వెంటవెంటనే వచ్చే మిగిలిన ప్రశ్నలన్నియు ఆ సంఘస్థులనే అడిగినవి. మీరు ఎట్లు మొదలుపెట్టారు, దేనిని విని నమ్మారు, ఇప్పుడు దేనివైపు తిరిగారు అని. ఎవరని మొదలుపెట్టి, మీరేమి చేశారని ముగించాడు.

ఇంకొకటి. ఆ మొదటి వచనములోనే కన్నుల ప్రస్తావన ఉన్నది. సిలువ వేయబడిన క్రీస్తు వారి కన్నుల యెదుట స్పష్టముగా చూపబడిన సంగతి పౌలు గుర్తుచేస్తాడు. చెడు కంటిని గూర్చిన మాట వాడి, వెంటనే వారి సొంత కన్నుల వైపు తిప్పాడు. మీ మీద ఎవరి కన్ను పడినది అన్నది కాదు, మీ కన్ను దేనినుండి తొలగినది అన్నదే ఆయనకు ముఖ్యము.

ప్రభువు కూడ ద్రాక్షతోట పనివారి ఉపమానములో ఇదే చేశాడు. ప్రొద్దున వచ్చినవారు, సాయంత్రము వచ్చినవారికి అదే కూలి ఇచ్చినందుకు సణిగిరి. మత్తయి 20:15లో యజమానుడు వారిని అడిగినదానిని మన తెలుగువారు ‘కడుపుమంట’ అనే చక్కని మాటతో తర్జుమా చేశారు. గ్రీకులో అక్కడ ఉన్నది చెడ్డ కన్ను. దిష్టి అంటే ఏమిటో ఆ తర్జుమా ఒక్క మాటలో చెప్పివేసినది. కంటిలో మంత్రము లేదు, కడుపులో మంట ఉన్నది. ఆ మంట మన కడుపులో ఉన్నదా అనేదే ప్రశ్న. పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మనవారు అనుట అందుకే.

4. సీమోను సంగతి

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో సమరయలోని సీమోను గారడీ చేసి జనులను ‘విభ్రాంతి’పరచినట్లు మన బైబిలు చెబుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఇక్కడను, గలతీ 3:1లోను ఒకే మాట వాడినది. తెలుగులోను భ్రమ, విభ్రాంతి ఒకే మూలపు మాటలే. గ్రీకులో మాత్రము మాట వేరు. ఇక్కడి మాటకు అర్థము తనలో తాను లేకుండా పోవుట. ఒళ్ళు తెలియలేదు అని మనము అనేది అదే. చిత్రమేమంటే 13వ వచనములో ఫిలిప్పు చేసిన కార్యములు చూచి ఆ సీమోనే అదే స్థితిలో పడ్డాడు. ఊరిని విభ్రాంతిపరచినవాడు తానే విభ్రాంతి నొందినాడు. అతని వద్ద నిజమైన శక్తి ఉండిన యెడల ఆశ్చర్యపడుటకు ఏమున్నది?

తరువాత అతడు డబ్బు తెచ్చాడు. ఆత్మ వరమును కొనాలనుకొన్నాడు. పేతురు కఠినముగా గద్దించాడు. ప్రియులారా, మంత్రమునకు ఎప్పుడును ఒక ధర ఉంటుంది. దేవుని కృపకు మనము చెల్లించు ధర లేదు. ముప్పై వేలు అడిగినవాడు, ప్రార్థన చీటీకి కానుక కవరు కట్టమనేవాడు ఇద్దరును సీమోను వీధివారే. రెండవవాడు మన బైబిలే చేత పట్టుకొని వస్తాడు, కాబట్టి మరింత జాగ్రత్త అవసరము.

5. ఈ మాట చేసిన హాని

ఇది ఇంటి గొడవతో ఆగిపోయే మాట కాదు. 1692లో అమెరికాలోని సేలములో కొందరు బాలికలు మూర్ఛలు పోయి, తమకు మంత్రము పెట్టారని ఇరుగుపొరుగువారి పేర్లు చెప్పిరి. ఆ ఊరివారు బైబిలు చదివేవారు, ఆదివారము తప్పక ఆలయమునకు వెళ్ళేవారు. అయినను 19 మందిని ఉరితీసిరి. ఒక వృద్ధుని బండరాళ్ళ బరువు క్రింద నలిపి చంపిరి. అయిదేండ్లు గడచిన తరువాత, 1697లో, ఆ తీర్పులిచ్చిన న్యాయాధిపతులలో ఒకడైన సామ్యూల్ సీవెల్ బోస్టనులో తన సంఘము ముందు లేచి నిలువబడగా, కాపరి అతని పాపపు ఒప్పుకోలును చదివి వినిపించెను. సంఘమంతటి యెదుట తల వంచుకొని నిలువబడిన ఆ మనిషిని మనము మరువరాదు. అతడు మంత్రగత్తెను వెదకుట మాని, తన కన్నును వెదకుకొన్నాడు. కాని చనిపోయిన వారు తిరిగి రాలేదు.

మన దేశమునకు వస్తే, తెలంగాణ పల్లెలలోను, ఇక్కడి బీదరు, కలబురగి ప్రాంతములలోను ‘బాణామతి’ పేరు చెబితే భయపడేవారు నేటికిని ఉన్నారు. కోస్తా వైపు ‘చిల్లంగి’ అంటారు. ఆ పేరు పడినవారిని కొట్టుట, పండ్లు రాలగొట్టుట, చంపుట కూడ జరిగినవి. ఆ పేరు ఎక్కువగా ఎవరి మీద పడుతుంది? ఒంటరి వృద్ధురాలి మీద, విధవరాలి మీద, మాట్లాడుటకు మనుష్యులు లేనివారి మీద. బయటి ఇంటినుండి వచ్చిన కోడలు కూడ ఆ వరుసలోనే నిలువబడుచున్నది.

ఈ బెంగళూరులోనే 1976లో, అప్పటి విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలర్ డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు మహిమలను, మూఢనమ్మకములను పరీక్షించుటకు ఒక సంఘమును ఏర్పాటు చేశారు. మంత్రములు, తాయెత్తులు జబ్బులు కుదుర్చునని ప్రకటనలు ఇచ్చుటను 1954 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. కర్ణాటక శాసనసభ 2017లో దురాచారములకు, మాటమంత్రములకు వ్యతిరేకముగా ఒక చట్టము చేయగా అది 2020 జనవరినుండి అమలులోనికి వచ్చినది. పాము కరచినవానిని ఆసుపత్రికి పోనీయక మంత్రము వేయుట, దయ్యముల పేరిట మనుష్యులను భయపెట్టుట వంటివి దాని క్రింద నేరములు. చట్టమున్నది కాబట్టి భయపడవలసినవారు ఆ కాగితములు అంటించేవారే గాని, మనము కాదు.

6. ఆ ఇంటిలో జరిగినది

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. పేర్లు చెప్పకూడదనే మాట మీద ఆ కుటుంబమువారు దీనిని వ్రాయుటకు ఒప్పుకొన్నారు.

అయ్యగారు ఆమెను గద్దించలేదు. మందు లేదని వాదించను కూడ లేదు. “అమ్మా, నీ కళ్ళతో నువ్వు చూసినవి మాత్రమే చెప్పు” అన్నారు. ఆమె చెప్పుకొంటూ పోయింది. అబ్బాయి రాత్రిళ్ళు నిద్రపోడు. ఫోను మ్రోగితే బయటకు వెళ్ళిపోతాడు. సన్నబడ్డాడు. మునుపు ఇష్టముగా పాడేవాడు, ఇప్పుడు పాటల పుస్తకము తెరవడు. “కోడలు ఏమి చేయగా చూశావమ్మా?” అని అడిగారు. ఆమె కొంతసేపు ఊరకుండి, “వంటింట్లో ఒక్కతే కూర్చొని ఏడుస్తుంటే చూశాను” అన్నది.

ఆ మాట ఆమె నోటినుండి వచ్చిన తరువాత ఆమెకే ఏదో తట్టినట్టున్నది. ఇంక మందు సంగతి ఎత్తలేదు.

తరువాతి శనివారము అయ్యగారును, అమ్మగారును వారి ఇంటికి వెళ్ళి అబ్బాయితో విడిగా కూర్చున్నారు. ఉద్యోగము పోయి ఐదు నెలలైనది. రోజూ బ్యాగు తగిలించుకొని బయలుదేరి పార్కులలో కూర్చొని వస్తున్నాడు. ఫోనులోని అప్పుల యాప్‌లలో డబ్బు తీసి జీతమని ఇంట్లో ఇచ్చాడు, అదియు అయిపోయినది. మ్రోగిన ఫోనులన్నీ వసూలువారివే. భార్యకు తెలుసు. అత్తగారికి చెప్పవద్దని అతడు ఆమె చేత ఒట్టు వేయించుకొన్నాడు. మందు పెట్టిందని అనిపించుకొన్న ఆ పిల్ల, మూడు నెలలుగా ఆ ఒట్టును మోస్తున్నది.

అతనిని నిమ్హాన్స్‌కు తీసికొని వెళ్ళారు. డాక్టరుగారు చూచి దిగులు జబ్బు అని చెప్పి, మందులు వ్రాసి, మాట్లాడుటకు వారానికొకసారి రమ్మన్నారు. ఇప్పుడతడు నిజమైన మందు వేసుకొనుచున్నాడు. అప్పులు ఇంకను ఉన్నవి. గురువు దగ్గర పోయిన ఐదు వేలు తిరిగి రాలేదు, కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నవి. అత్తాకోడండ్ర మధ్య అంతయు చక్కబడినదని మేము చెప్పలేము. కాని గత నెల ఇద్దరును ఒకే బల్ల మీద కూర్చొని ఆరాధన చేయుట చూచితిమి.

మనవారిలో అనేకులు ఊరు విడిచి వచ్చినవారే. ఇక్కడ కష్టము వస్తే అడుగుటకు మేనమామ ఉండడు, ఊరి పెద్ద ఉండడు. ఉద్యోగము పోయినదని చెప్పుకొనుటకు సిగ్గు. ఆ సిగ్గు మౌనమవుతుంది. ఆ మౌనమునకు కారణము తెలియక ఇంటివారు ఒక పేరు వెదకుతారు. అప్పుడు పాత మాట సిద్ధముగా ఉంటుంది. సంఘము చేయవలసిన పని, ఆ మాట నోటికి రాకముందే ఆ ఇంటి తలుపు తట్టుట. మనసు బాగులేనివారు ఉచితముగా మాట్లాడుటకు ప్రభుత్వపు టెలి మానస్ నెంబరు 14416 ఉన్నది. తెలుగులోను మాట్లాడవచ్చును. ఈ నెంబరును ప్రతి సంఘపు నోటీసు బోర్డు మీద వ్రాయించవలెనని మనవి.

కన్ను తేటగా ఉండుటను గూర్చి ప్రభువు మత్తయి 6:22లో చెప్పిన సంగతి మనకు తెలిసినదే. భ్రమ అంటే తిరుగుట అని మొదట చెప్పుకొన్నాము. తిరుగుచున్న తల నిలిచేవరకు గోడను తిట్టి లాభము లేదు. ఒకచోట నిలువబడి, ఒకదానిని కుదురుగా చూడవలెను. అదే పౌలు గలతీయవారికి చెప్పినది.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. భ్రమ, మోహము, మరులు అను మాటలకును, మందు, దిష్టి, వశీకరణము అను మాటలకును గల భేదమేమి? మన ఇండ్లలో ఏవి ఎక్కువగా వినబడుచున్నవి?

2. గలతీ 3:1–5లో ఉన్న ప్రశ్నలను లెక్కించండి. అందులో ‘ఎవరు’ అని వేరొకరిని గూర్చి అడిగినది ఎన్ని? చదువువారినే అడిగినది ఎన్ని?

3. మత్తయి 20:15లో చెడ్డ కంటికి బదులుగా కడుపుమంట అనుటవలన మనకు ఏమి బోధపడుచున్నది?

4. మీ సంఘములో కొంతకాలముగా మౌనముగా ఉన్న ఇల్లు ఏది? ఈ వారములో ఎవరు వెళ్ళి చూచెదరు?

ప్రభువు మన కన్నులను తేటపరచును గాక. ఆమేన్.